నల్ల దారం పొట్లం

టేకులపల్లి బజారులో షహజాది గిర్నీ ఎక్కడుందో ఎవరినీ అడగనక్కర్లేదు. బస్సు దిగి, తుమ్ము ఎటునుంచి వస్తే అటు నడిస్తే చాలు. కుంకుడుకాయలు మరలో పడ్డ రోజు ఎదురుగా ఫోన్లు బాగుచేసే అనిల్‌కుమార్ షట్టరు సగానికి దించుకుంటాడు. పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్లు గ్లాసు మీద అరచెయ్యి మూసుకుంటారు. ఒక్క షహజాది మాత్రం తుమ్మదు. ఏళ్ల తరబడి ఆ పొడిలో కూర్చుని ఆమె ముక్కు దాంతో రాజీపడిపోయింది.

ఒకప్పుడు ఆ గిర్నీలో కారం, పసుపు, జొన్నపిండి అన్నీ పట్టేవారు. భర్త సర్వర్ పోయాక, ఊళ్లోకి పెద్ద మరలు వచ్చాక, కారం ఒకరు పట్టుకుపోయారు, పిండి ఇంకొకరు పట్టుకుపోయారు. షహజాదికి తలపొడి మిగిలింది. ఆ తుమ్ములు ఇంకెవరికీ అక్కర్లేదు కాబట్టి మిగిలింది. తండా నుంచి సోమ్లి అడవి కుంకుళ్లు, శీకాయలు గోనెసంచుల్లో తెచ్చి దింపుతుంది. షహజాది గింజలు కొట్టి తీసి, ఎండబెట్టి, పట్టి, జల్లించి, కాగితంలో పొట్లం కట్టి అమ్ముతుంది. చెబితే ఇంతే పని. ఆమె దగ్గర పొట్లం కొనడం మాత్రం అంత తేలిక కాదు.

"ఎవరి తలకు?" అని అడుగుతుంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆ గిర్నీ నుంచి చిటికెడు పొడి బయటికి పోదు. "ఇంట్లకు" అంటే "ఇంట్ల ఎవరికి?" అంటుంది. "నా పెండ్లానికి" అంటే "జిడ్డు తలనా, ఎండు తలనా?" అంటుంది. పెళ్లయి ఇన్నేళ్లయినా పెళ్లాం తల ఎటువంటిదో ఎరగని మగవాళ్లు నీళ్లు నములుతుంటే, "పోయి అడిగి రా బిడ్డా, పొడి ఎటూ పోదు" అని వెనక్కి పంపుతుంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఆ లెక్కన షహజాదికి ఊరంతా లోకువే. ఒకసారి జీపు దిగిన ఆఫీసరు ఒకాయన్ను టోపీ తీయమన్నదనీ, లోపలి బట్టతల చూసి "మీకు పొడి దండగ సార్" అని పంపేసిందనీ బజారులో చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ ఆమె మాత్రం కాదనదు.

ఈ విచారణకు కారణం లేకపోలేదు. ఆమె దగ్గర పొడులు రెండు రకాలు. నల్ల దారంతో కట్టింది గని పొడి. ఎర్ర దారంతో కట్టింది ఇంటి పొడి. చుట్టుపక్కలంతా బొగ్గు గనులు. డ్యూటీ దిగిన మనిషి తలలో బొగ్గు దుమ్ము, మిషన్ల ఆయిలు, చెమట మూడూ కలిసి తారులా పట్టుకుని ఉంటాయి. ఆ తారు వదలాలంటే నిండా కుంకుడే కావాలి. పొట్టి జుట్టు కాబట్టి ఎంత గట్టిగా రుద్దుకున్నా వాళ్లకు నష్టం లేదు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఇంటి పొడి. అందులో కుంకుడు కొంచెమే. శీకాయ, మెంతులు, నీడన ఎండిన మందారాకు ఎక్కువ.

"కుంకుడు రసానికి రెండు చేతులుంటయి," అని గిరాకీలకు పాఠం చెబుతుంది. "ఒక చెయ్యి జిడ్డును పట్టుకుంటది, ఇంకో చెయ్యి నీళ్లను పట్టుకుంటది. నీళ్లు పోతుంటే జిడ్డును గుంజుకొని పోతది. కానీ అది గుడ్డిది. మురికి జిడ్డు ఏదో, వెంట్రుకకు కావాల్సిన జిడ్డు ఏదో దానికి ఎర్క లేదు. శీకాయ అట్ల కాదు. నురుగు తక్కువ, మర్యాద ఎక్కువ."

నిజానికి ఆ రెండు చేతుల మాట ఆమెది కాదు. కోడలు అంజుమ్ కొత్తగూడెంలో బ్యూటీషియన్ కోర్సు చేసి, అక్కడే ఒక పార్లర్‌లో పనిచేస్తోంది. షాంపూ ఎట్లా పనిచేస్తుందో ఒకరోజు అన్నం తింటూ అత్తకు చెప్పింది. షహజాదికి ఆ మాట తెగ నచ్చింది. మర్నాటి నుంచే అది తమ తాతముత్తాతలు చెప్పిన మాటైనట్టు చలామణీ చేసింది. అంజుమ్ మూతి బిగించి నవ్వుకుంది. అత్తాకోడళ్లకు కూర దగ్గరా, టీవీ దగ్గరా ఉప్పూ నిప్పే గానీ, జుట్టు దగ్గరికి వచ్చేసరికి ఒకటే మాట.

ఇంత పట్టుదల గల మనిషి ఒకసారి అడగడం మరిచిపోయింది.

రంజాన్ నెల. ఉపవాసం విడవడానికి ఇంక కాసేపే ఉంది. ఆ మధ్యాహ్నం మర బెల్టు తెగి, దాన్ని అతికించి ఎక్కించేసరికి షహజాది ఒళ్లు హూనమైంది. అప్పుడు గోపయ్య మోటారు సైకిల్ ఆపాడు. గోపయ్య గనిలో డంపరు నడుపుతాడు. ఆమెకు ఎప్పటినుంచో ఖాయం గిరాకీ. నెలకోసారి వస్తాడు, నల్ల దారం పొట్లం తీసుకుపోతాడు. ఎర్ర దారం పొట్లానికి ఆయన భార్య ఉప్పలమ్మ విడిగా వస్తుంది.

"అక్కా, పొడి," అన్నాడు గోపయ్య.

ఆమె చెయ్యి అలవాటు చొప్పున నల్ల దారం పొట్లం మీదికి పోయింది. అందించింది. బండి హ్యాండిల్‌కు వేపమండలు కట్టి ఉన్నాయి. అవి ఆమె చూసింది. ఇవెందుకని అనుకుంది కూడా. అంతలో మసీదు సైరన్ మోగింది. ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. ఆ ఆలోచన ఆ నీళ్లతోనే లోపలికి పోయింది.

రంజాన్ చివరి వారంలో సోమ్లి కుంకుళ్ల మూట దింపుతూ కబురు చెప్పింది.

"బూబమ్మా, నువ్వు పోలేదా గోపయ్య ఇంటికి? ఆయన బిడ్డ భవానికి తల్లి పోసింది గదా. తగ్గినంక నీళ్లు పోసిన్రు. నీళ్లు పోసిన పొద్దే పిల్ల తల మీద ముత్యాలమ్మ జడ ఏసిందట. దువ్వెన పోతలేదు, మొత్తం ఒకటే ముద్ద. కాలనీ ఆడోళ్లంత కొబ్బరికాయలు పట్టుకొని పోతున్నరు."

తల్లి పోయడమంటే ఒంటినిండా పొక్కులు రావడం. డాక్టర్లు వేరే పేరు చెబుతారు, మాత్రలూ ఇస్తారు, అవి మింగుతారు కూడా. అయినా ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కడతారు. ఇంటి ఇల్లాలు గడప దాటదు. పొక్కులు మాడిపోయేదాకా తల దువ్వరు, నూనె పెట్టరు, నీళ్లు పోయరు. ఆ తర్వాత ఒక మంచిరోజు చూసి వేపాకు నీళ్లతో తలంటు పోస్తారు. అది ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతే. షహజాదికీ తెలుసు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చెయ్యి నల్ల దారం ఉండ మీదికి పోయింది. హ్యాండిల్‌కు కట్టిన వేపమండలు కళ్లముందు కదిలాయి. ఆ పొడి గోపయ్యకు కాదు. గడప దాటని ఉప్పలమ్మ మొగుణ్ని పంపింది. ఆ మొగుడు మగవాడు కాబట్టి "పొడి" అన్నాడు. తను ఎవరి తలకని అడగలేదు.

ఆ తర్వాత జరిగిందంతా చూసినట్టే తెలిసిపోయింది ఆమెకు. భవానికి మోకాళ్ల దాకా జుట్టు. అన్ని రోజులు దువ్వక అప్పటికే చిక్కుపడి ఉంటుంది. జొన్న ఆకును మొదటి నుంచి కొసకు నిమిరితే నున్నగా ఉంటుంది. కొస నుంచి మొదటికి నిమిరితే చెయ్యి గీరుకుపోతుంది. వెంట్రుకా అంతే, దాని మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. నూనె ఉన్నంతసేపు అవి అణిగి పడుకుంటాయి. వట్టి కుంకుడు ఆ కాస్త నూనెనూ ఊడ్చేస్తే పొలుసులన్నీ లేచి నిలబడతాయి. అప్పుడా తడి జుట్టునంతా నడినెత్తికి చేర్చి, గనిలోంచి వచ్చిన మొగుడి తల రుద్దినట్టు రెండు చేతులా రుద్దితే, ఒక పొలుసులో ఇంకో పొలుసు దిగి ఉన్ని కంబళిలా బిగుసుకుపోతుంది. అది తల్లి వేసిన జడ కాదు. తన పొడి వేసిన ముడి.

సాయంత్రం పార్లర్ నుంచి వచ్చిన అంజుమ్‌కు సంగతి చెప్పింది. అంజుమ్ దుపట్టా తీసి కొక్కేనికి తగిలిస్తూ అట్లాగే ఆగిపోయింది.

"అమ్మీ, ఈ మాట గడప దాటనియ్యకు," అంది. "వాళ్లు తల్లి జడ అంటున్నరు. మనం ముసల్మాన్లం. మధ్యల పోయి కాదంటే ఎట్లుంటది? ఇంకో ముచ్చట. నీ పొడి పెడితే జుట్టు ముద్దయిందని తెలిస్తే రేపటి నుంచి గిర్నీ ముందర కుక్క గూడ నిలబడదు."

రెండు మాటలూ నిజమే. షహజాది ఊరుకుంది. ఊరుకోవడానికి శక్తివంచన లేకుండా ప్రయత్నించిందని చెప్పాలి. కానీ మర్నాడు గిర్నీ దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ భవాని మాటే ఎత్తారు. ఆ పిల్ల ఖమ్మంలో నర్సింగు చదువుతోంది. ఇంకొక్క ఏడాదిలో అయిపోతుంది. ఇక పంపరట. తల్లి సొత్తయిన పిల్ల దవాఖానాలో నెత్తురూ చీమూ ముట్టకూడదని పెద్దవాళ్లు తేల్చారట. పిల్ల కత్తెర కోసం వెతికితే ఉప్పలమ్మ ఇంట్లో ఉన్న కత్తెరలన్నీ దాచేసిందట. "పిల్ల గుడ్ల నీళ్లు కుక్కుకుంట కూసున్నది పాపం," అని చెప్పినామె, ఆ వెంటనే "అదృష్టవంతురాలు" అని కూడా అంది.

తెల్లారి అంజుమ్ పార్లర్‌కు బయల్దేరుతుంటే, షహజాది చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కొబ్బరినూనె డబ్బా, ఇంకో చేతిలో గోనెసంచులు కుట్టే దబ్బనం.

"నేను పోతున్న," అంది.

అంజుమ్ అత్త ముఖం చూసింది. ఫోన్ తీసింది. పార్లర్‌కు ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పింది. రంజాన్ నెలలో అబద్ధం చెప్పించినందుకు అత్తను సణుగుతూ, లోపలికి వెళ్లి కండిషనర్ డబ్బా సంచిలో వేసుకుని వచ్చింది.

గోపయ్య ఇల్లు గని కార్మికుల కాలనీలో చివరిది. వాకిట్లో కొబ్బరి చిప్పలు, పసుపు కుంకుమ, వాడిన పూలు. ముందు గదిలో చాప మీద భవాని కూర్చుని ఉంది. నెత్తి మీద జుట్టంతా పిడకంత గట్టిగా ముద్దకట్టి ఒక పక్కకు ఒరిగింది. దాని బరువుకు మెడ కూడా ఒరిగింది. ముఖం మీద పొక్కుల మచ్చలు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఎవరో వచ్చి ముద్దకు పసుపు పూసి, పిల్ల కాళ్లకు దండం పెట్టి లేచారు. ఆ దండానికి ఆ పిల్ల కాళ్లు వెనక్కి తీసుకుంది.

షహజాదిని చూడగానే, "పెద్దమ్మా, మెడ నొస్తుంది," అంది చిన్నగా.

అంతసేపూ దారిలో సిద్ధం చేసుకున్న మాటలన్నీ షహజాది నోట్లోంచి ఎగిరిపోయాయి. వచ్చినవాళ్లు వెళ్లేదాకా ఆగింది. ఉప్పలమ్మ చాయ్ పెట్టబోయి, ఉపవాసమని గుర్తొచ్చి ఆగిపోయింది. అప్పుడు షహజాది చాప మీద కూర్చుంది.

"చెల్లె, నీతోటి ఒక మాట చెప్పాలె. బిడ్డకు నీళ్లు పోసిన పొడి నేనిచ్చింది. అది ఇంటి పొడి కాదు, గని పొడి. ఎవరి తలకని అడగకుండ ఇచ్చిన. ఆ పొడి పొడుగు జుట్టుకు పెట్టి రుద్దితే గిట్లనే అయితది. తప్పు నాది. నూనె తెచ్చిన. నువ్వు సరే అంటే విప్పుత."

ఉప్పలమ్మ ముఖం ఎర్రబడింది. "తల్లి ముచ్చటను పొడి ముచ్చట జేస్తున్నవా అక్కా?"

"మీ తల్లిని నేనేం అంటలేను. నా పొడిని అంటున్న."

గోడకు ఆనుకుని నిలబడ్డ గోపయ్య ముందుకు వచ్చాడు. "నల్ల దారమేనే," అన్నాడు భార్యతో. "నేనే విప్పి గిన్నెల పోసిన. నాకు ఎర్కనే ఉన్నది. చెప్పడానికి భయమైంది."

"ఎందుకు భయం?" అని అడిగింది షహజాది.

ఉప్పలమ్మే చెప్పింది, చాప అంచు పీకుతూ. ఆలస్యంగా పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ. జ్వరం తలకెక్కి, మనిషిని గుర్తుపట్టక ఒక రాత్రంతా పలవరించింది. అప్పుడు ఉప్పలమ్మ వేపచెట్టు ముందు కూలబడి మొక్కింది. "నా బిడ్డను బతికియ్యి తల్లీ, ఇగ నుంచి అది నీ బిడ్డే అని అన్న." తెల్లారేసరికి జ్వరం దిగింది. నీళ్లు పోసిన రోజున జడ పడింది. అన్న మాట తల్లి పట్టుకుంది. ఇప్పుడు దాన్ని విప్పితే, ఇచ్చిన ప్రాణం మళ్లీ తీసుకుపోదా?

వచ్చేటప్పుడు షహజాది ఉప్పలమ్మది వట్టి మూఢత్వమనుకుంది. ఇప్పుడు చూస్తే అది భయం. ఆ కొబ్బరికాయల మధ్య ఈ తల్లి సంతోషంగా లేదు, బిడ్డ కంటే ఎక్కువ వణుకుతోంది. బిడ్డ బతకడం కోసం బిడ్డను వదులుకున్న మనిషికి ఏ శాస్త్రం చెప్పి ఒప్పిస్తాం? షహజాది ఆమె చెయ్యి పట్టుకుంది. మామూలుగా గిరాకీల చేతులు తాకే అలవాటు ఆమెకు లేదు.

ఉప్పలమ్మ కళ్లు తుడుచుకుని అంది. "సరే అక్కా. కత్తెర పెట్టొద్దు. ఒక్క వెంట్రుక కూడ కొయ్యొద్దు. తల్లిదైతే నువ్వెంత గుంజినా విడదు. నీ తప్పే అయితే విడుతది. అదే తేలుస్తది."

"విడకపోతే?" అంది అంజుమ్.

"విడకపోతే నా బిడ్డ తల్లిదే. ఇగ ఎవరూ మాట్లాడొద్దు."

భవాని ఆ మాట విని కళ్లు మూసుకుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, షహజాది పెరట్లోకి పోయి మందారాకులే పట్టుకొచ్చింది. అంజుమ్ వాటిని నలిపి, నీళ్లలో పిసికి, చిక్కటి బంక తీసింది. ముందు గోరువెచ్చటి కొబ్బరినూనె ముద్ద లోపలికంటా ఇంకేట్టు పట్టించారు. నూనె పట్టేదాకా నీళ్లు ముట్టించలేదు. నీళ్లు తగిలితే ఇంకా బిగుసుకుంటుందని ఇద్దరికీ తెలుసు. నూనె ఇంకాక మందారాకు బంకలో కండిషనర్ కలిపి పూశారు.

"ఇది వెంట్రుకకు ఏం జేస్తది?" అని గోపయ్య డబ్బా తిప్పి చూస్తూ అడిగాడు.

"నలిగిన వెంట్రుకకు ఒక తీరు చార్జ్ ఉంటది అన్నా, ఈ డబ్బాల దానికి ఎదురు చార్జ్ ఉంటది," అంది అంజుమ్. "అందుకని నలిగిన కాడనే పోయి అతుక్కుంటది. లేసిన పొలుసును పడుకోబెడుతది. మందారాకు బంక అట్ల అతుక్కోదు, పైన పూతలెక్క ఉంటది. కానీ మస్తు జారుడు ఇస్తది. రెండూ ఉంటే ఒక వెంట్రుక మీంచి ఇంకోటి జారుతది."

ఆయనకు ఎంత అర్థమయిందో గానీ తల ఊపి డబ్బా జాగ్రత్తగా కింద పెట్టాడు.

షహజాది ముద్ద అడుగు నుంచి మొదలుపెట్టింది. దబ్బనం మొద్దు కొసతో ఒక్కొక్క వెంట్రుకనూ పక్కకు జరపడం, జారకపోతే ఇంకాస్త బంక పూయడం, మళ్లీ జరపడం. పైనుంచి లాగితే ముడి బిగుస్తుంది. కొసల నుంచే రావాలి. ఎండ వాకిట్లోంచి గోడెక్కి, గోడ మీంచి కప్పెక్కింది. ముద్ద అట్లాగే ఉంది. వేలి చివర పట్టినంత కూడా విడలేదు. గొంతు ఎండిపోతోంది, నడుం పట్టేసింది. చూడవచ్చిన ఆడవాళ్లు కిటికీ దగ్గర నిలబడి గుసగుసలాడారు. "విడదు. తల్లిదే." ఆ మాట విన్నప్పుడల్లా భవాని భుజాలు బిగుసుకునేవి.

షహజాది వాళ్లను పట్టించుకోలేదు. ఆమె మనసులో ఒకటే దువా నడుస్తోంది. బతుకంతా తన వల్ల ఏ తప్పూ జరగకుండా చూడమని అల్లాను వేడుకున్న మనిషి, ఇప్పుడు పెదాలు కదిలీ కదలకుండా, "యా అల్లా, తప్పు నాదే కానియ్యి. నాదే కానియ్యి," అంటోంది.

పొద్దు గుంకింది. దూరంగా సైరన్ మోగిన సంగతి కూడా ఆమె గమనించలేదు. ఉప్పలమ్మ గమనించింది. చెంబుతో నీళ్లు, పళ్లెంలో రెండు అరటిపళ్లు తెచ్చి అత్తాకోడళ్ల ముందు పెట్టింది. షహజాది నూనె చేతులతోనే నీళ్లు తాగింది. వెళ్లేటప్పుడు షహజాది ఇంకాస్త నూనె పట్టించి, ముద్ద చుట్టూ మెత్తటి పాత చీర ముక్క కట్టి, "రేపు వస్త," అంది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ కూర్చుంది. నూనె ఆ రాత్రంతా లోపలికి దిగింది. ముద్ద ముట్టుకుంటే నిన్నటిలా పిడకలా లేదు, తడిసిన తాడులా ఉంది. దబ్బనం కొస దూర్చి జరిపింది. ఏదో జారినట్టనిపించింది. నమ్మలేక వేలితో చూసుకుంది. చూపుడువేలంత పాయ ఒకటి బంకతో నిగనిగలాడుతూ విడివడి ఆమె అరచేతిలోకి వచ్చింది. షహజాది దాన్ని దువ్వెనతో దువ్వింది. దువ్వెన పై నుంచి కిందికంటా దిగింది.

ఉప్పలమ్మ దగ్గరికి వచ్చి వంగి చూసింది. ఆ పాయను తన వేళ్ల మధ్య జార్చి చూసింది. రెండోసారి జార్చి చూసింది.

"తల్లిది కాదక్కా ఇది," అంది. "నీ తప్పే."

"అవ్ చెల్లె," అంది షహజాది. "నాదే. నా తప్పే." అని భోరుమంది. అంత ఆనందంగా తప్పు ఒప్పుకున్న మనిషిని ఆ కాలనీ అంతకుముందు చూసి ఉండదు. ఉప్పలమ్మ ఆమె మీద పడి ఏడ్చింది. ఇద్దరి మధ్యా నలిగిన భవాని, "నా తల జర చూస్కోన్రి," అంటూనే తనూ ఏడ్చింది. గోపయ్య బయటికి పోయి, వాకిట్లో కొబ్బరి చిప్పలు ఏరడం మొదలుపెట్టాడు.

మిగతా జుట్టు విడదీయడానికి ఆ పగలంతా పట్టింది, మర్నాడు కొంత కూడా పట్టింది. సగం రాలింది, సగం నిలిచింది. చివరికి శీకాయ నీళ్లతో పై నుంచి కిందికి, రుద్దకుండా, జుట్టు ఎటు పెరిగితే అటే జారవిడిచి తల కడిగారు. నడుము దాకా మిగిలిన జుట్టుకు ఉప్పలమ్మే నూనె రాసి జడ అల్లింది. మొక్కు మాట ఏమయిందని ఎవరో అడిగితే, "తల్లికి బోనం చేస్త. నా బిడ్డను ఇయ్య," అని చెప్పిందట. పండుగ అయిన వారానికి భవాని ఖమ్మం బస్సెక్కింది.

అంజుమ్ ముందే చెప్పింది గదా. చెప్పినట్టే అయింది. షహజాది పొడి పెడితే జుట్టు ముద్దవుతుందన్న మాట కాలనీ దాటి, తండాలు దాటి పోయింది. విడదీసింది కూడా షహజాదే అన్న మాట మాత్రం అంతదూరం నడవలేకపోయింది. గిర్నీ మూగబోయింది. సోమ్లి తెచ్చిన కుంకుళ్ల మూటలు విప్పకుండానే గోడవార పేరుకున్నాయి. అనిల్‌కుమార్ షట్టరు పూర్తిగా ఎత్తి కూర్చున్నాడు. "నీకు ఇప్పుడు హాయిగ ఉందా?" అని ఆమె ఒకరోజు అడిగితే, అతను తల వంచుకుని, "లేదక్కా, తుమ్ము లేకపోతే ఏమీ తోస్తలేదు," అన్నాడు.

అట్లా వర్షాలు మొదలయ్యాయి. సంత రోజు. బజారు నిండా జనం ఉన్నారు గానీ గిర్నీ ముందు ఎవరూ లేరు. ఉప్పలమ్మ గొడుగు మూస్తూ వచ్చి, అందరికీ కనపడేట్టు సరిగ్గా బల్ల ఎదుట నిలబడింది.

"పొడి ఇయ్యి అక్కా," అంది. ఆ గొంతు హోటల్లో చాయ్ తాగేవాళ్లకు కూడా వినబడింది.

షహజాది లేచింది. చెయ్యి పొట్లాల దగ్గరికి పోయి ఆగింది. అడిగే హక్కు తనకింకా ఉందో లేదో ఆమెకు తెలియలేదు.

ఉప్పలమ్మ కదలలేదు. "అడగవా?" అంది.

షహజాది తలెత్తి చూసింది. "ఎవరి తలకు, చెల్లె?"

"నా బిడ్డ తలకు," అంది ఉప్పలమ్మ. "ఆదివారం వస్తది."

షహజాది ఎర్ర దారం పొట్లం తీసి, రెండు చేతులా పట్టుకుని ఆమె చేతిలో పెట్టింది.